‘ఖాళీ స్థలం’ – బొంబాయి మిల్లు భూముల చరిత్రలో ఒక మాట

నగర నిర్మాణ నిబంధనలను గురించి సాహిత్య విమర్శ పత్రికలో రాయటం ఏమిటని కొందరు మిత్రులకు తోచవచ్చు. తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాడికి ఇంజనీర్లూ, ప్లీడర్లూ చూసుకోవలసిన కాగితాలతో పనేమిటని కూడా అనవచ్చు. నా జవాబు ఒక్కటే. ఒక వాక్యంలో ఒక మాటకు ఏ అర్థం చెప్పాలనేది మన వృత్తికి సంబంధించిన సమస్య. బొంబాయి నగరం నడిబొడ్డున సుమారు 600 ఎకరాల భూమి ఎవరికి చెందాలన్నది చిట్టచివరకు ఒక మాటకు చెప్పిన అర్థాన్నిబట్టి తేలింది. అదేమీ పండితులు తర్జనభర్జన పడదగ్గ కఠినపదం కాదు. ‘ఓపెన్ ల్యాండ్’ అన్నారు. తెలుగులో చెప్పుకోవాలంటే ‘ఖాళీ స్థలం’.

పట్టణంలో ఎవరైనా నాలుగెకరాల్లో ఇళ్లూ, దుకాణాలూ, ఆఫీసులూ కలిపి కట్టదలచుకుంటే ఆ ప్రతిపాదన స్థానిక సంస్థ పరిశీలనకు రావాలి. రోడ్డు చాలుతుందా, నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయి, మురుగు ఎటు పోతుంది, చుట్టుపక్కల బతికేవాళ్లకు కలిగే నష్టమేమిటి – ఇవన్నీ విచారించటమే పరిశీలన అని పుస్తకాల్లో వుంటుంది. ఆచరణలో, అధికారులు నక్షా ముందు పెట్టుకు కూచునేసరికే అసలు తగవు తేలిపోయి వుంటుంది. లెక్కలోకి వచ్చే భూమి ఏది, అభ్యంతరం చెప్పే హక్కు ఎవరిది అన్నవాటిని నిబంధనలోని నిర్వచనాలే ముందుగా తేల్చివేస్తాయి. బొంబాయి మిల్లు భూముల వ్యవహారం ఈ సంగతిని రుజువు చేసినంత స్పష్టంగా మన దేశంలో మరొక వ్యవహారం చెయ్యలేదని నా అభిప్రాయం. అందులో తెలుగువాళ్ల చెమట కూడా వుంది గనక మనం తెలుసుకోవలసిన అవసరం మరీ ఎక్కువ.

బొంబాయిలో మొదటి నూలుమిల్లు కంపెనీని కావస్జీ నానాభాయ్ దావర్ 1854లో స్థాపించాడు. తార్‌దేవ్‌లో ఆ మిల్లు 1856లో పని మొదలుపెట్టింది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో (1861–65) పత్తి ఎగుమతి మీద వచ్చిపడిన లాభాలూ, అంతకుముందే చైనా వ్యాపారంలో కూడిన డబ్బూ మిల్లుల్లోకి ప్రవేశించాయి. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి పరేల్, లాల్‌బాగ్, వర్లీ, బైకల్లా, చించ్‌పొక్లీ ప్రాంతాలు పొగగొట్టాలతో నిండిపోయాయి. మరాఠీవాళ్లు ఆ ప్రాంతాన్నంతా గిరణ్‌గావ్ అన్నారు. గిరణీ అంటే మిల్లు. మన తెలంగాణాలో పిండిమరను ఇప్పటికీ గిర్ని అంటారు. అదీ ఇదీ ఒకటే మాట.

మిల్లు యజమాని కార్మికుడికి కూలి ఇచ్చాడు. ఇల్లు చాలామటుకు ఇవ్వలేదు. కొంకణం నుంచీ, దక్కను నుంచీ వచ్చిన మగవాళ్లు చాళ్లలో ఒక్కొక్క గదిలో పదిమందీ, పదిహేనుమందీ చొప్పున సర్దుకున్నారు. పగటి పాళీవాడు పనికి పోతే రాత్రి పాళీవాడు ఆ చాప మీదే పడుకునేవాడు. వాళ్లకు అన్నం వండిపెట్టిన ఖాణావళులను నడిపింది ఎక్కువగా ఆడవాళ్లు. గది చాలదు గనక వీధే ఇల్లయింది. వీధి చాలనప్పుడు మిల్లు గేటు ముందున్న నేల సభాస్థలం అయింది. గేటు సభ అనేది బొంబాయి కార్మికోద్యమానికి ప్రాణం. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, గిరణ్‌గావ్‌లో ‘ఖాళీగా’ వున్న నేల అంటూ ఒక్క గజం కూడా లేదు. అడుగడుగునా ఏదో ఒక పూట ఎవరో ఒకరు దాన్ని వాడుకుంటూనే వున్నారు.

ఈ జనంలో తెలుగువాళ్లు మొదటినుంచీ వున్నారు. 18వ శతాబ్దం చివరినుంచీ నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాలవాళ్లు బొంబాయి వెళ్లి మట్టిపని, రాతిపని, ఇళ్లపని చేశారు. వాళ్లు కామాటీలు. వాళ్లు స్థిరపడిన పేట కామాటిపుర. ఆ పేట పేరు చెప్పగానే ముసిముసి నవ్వులు నవ్వేవాళ్లు ఆ పేరులో వున్నది పలుగూ పారా పట్టిన తెలుగు కూలివాడని తెలుసుకుంటే బాగుండును. జోతిరావ్ ఫులే 1873లో సత్యశోధక సమాజాన్ని స్థాపించినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలబడినవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు వంటి తెలుగువాళ్లున్నారు. ఆ సమాజపు మనిషి అయిన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికుల సంఘం పెట్టాడు. ఆదివారం సెలవన్నది మిల్లు కార్మికులకు దొరికింది 1890లో, ఆ ఆందోళన ఫలితంగానే. తర్వాత మన పద్మశాలీలు వెళ్లారు. చేనేత చితికిపోయిన తెలంగాణా జిల్లాలనుంచి కొందరు షోలాపూరుకూ, కొందరు భివండీకీ, కొందరు బొంబాయి మిల్లుల నేతఖాతాలకూ చేరారు. మగ్గం మీద పుట్టి పెరిగినవాణ్ణి మిల్లు ఊరికే పిలిచి పని ఇవ్వలేదు. వాడి చేతిలో వున్న విద్య మిల్లుకు కావలసి వచ్చింది.

1928లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా సుమారు లక్షన్నరమంది మిల్లు కార్మికులు సమ్మె చేశారు. ఎర్రజెండా గిరణీ కామ్‌గార్ యూనియన్ పుట్టింది ఆ సమ్మెలోనే. మరుసటి మార్చిలో మీరట్ కుట్రకేసు పెట్టి డాంగే, మిరజ్‌కర్, జోగ్లేకర్, నింబ్‌కర్ వంటి నాయకులను పట్టుకుపోయారు. అణ్ణాభావు సాఠే, అమర్ షేఖ్ ఈ చాళ్ల మధ్యనే పాడారు. నారాయణ్ సుర్వే అనాథగా ఈ వీధుల్లోనే పెరిగి మిల్లులోనూ పనిచేసి కవి అయ్యాడు. ఈ చరిత్ర మన పాఠకులకు కొంతవరకూ పరిచితమే గనక నేను త్వరగా దాటిపోతున్నాను.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన సమ్మె ప్రారంభమయింది. సుమారు రెండున్నర లక్షలమంది పని మానేశారు. కూలి పెంచమన్నారు, బోనసు అడిగారు, వీటికితోడు 1946నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టాన్ని రద్దు చెయ్యమన్నారు. ఈ మూడో కోరిక మీద పాఠకులు దృష్టి నిలపాలని మనవి. ఆ చట్టం ప్రకారం ఒక ప్రాంతంలో ఒక పరిశ్రమకు ఒకే యూనియన్ కార్మికుల ప్రతినిధి. బొంబాయి నూలుమిల్లులకు ఆ గుర్తింపు కాంగ్రెసు పక్షపు రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘానిది. కార్మికులు బ్రహ్మాండమైన సంఖ్యలో దాన్ని కాదని మరొకరి వెంట నడిచినా, చట్టం దృష్టిలో వాళ్ల నోరు దాని నోరే. సమ్మెను విరమించినట్టు ఎవరూ ప్రకటించలేదు. మిల్లులు కొన్ని తెరిచాయి, కొన్ని తెరవలేదు. లక్షకు పైగా మనుషులు మళ్లీ పనిలోకి రాలేదు. కొందరు రత్నగిరి వెళ్లారు, కొందరు భివండీ మరమగ్గాల మీదికి పోయారు, కొందరు మన సిరిసిల్ల వైపు తిరిగివచ్చారు.

అప్పటికి యజమానులకు ఒక సంగతి తెలిసివచ్చింది: నూలు వడికితే వచ్చే లాభం కన్న మిల్లు కింద వున్న నేల విలువ ఎక్కువ. ఈ విలువ ఎక్కణ్ణించి వచ్చింది? రైలు మార్గం ప్రజలది. నీళ్ల గొట్టాలు కార్పొరేషనువి. చుట్టూ నగరం పెరగటానికి కారణం నూటముప్పయి ఏళ్లపాటు అక్కడ పనిచేసిన జనం. యజమాని ఆ నేలకు చేసిందల్లా దాన్ని పట్టుకు కూచోవటమే. గృహసమస్యను గురించి ఎంగెల్స్ 1872లో రాసిన వ్యాసాలను మన విద్యార్థులు మళ్లీ తీసి చదివితే, పారిశ్రామిక నగరం మధ్యభాగంలో నేల ధర పెరిగి కార్మికులు అంచులకు నెట్టబడే ప్రక్రియ అందులోనే కనిపిస్తుంది. బొంబాయి ప్రత్యేకత ఏమిటంటే, ఈ పని ఇక్కడ లాఠీతోనూ, బుల్డోజరుతోనూ కన్న నిబంధనతో ఎక్కువగా జరిగింది.

ఆ నిబంధన 1991నాటి అభివృద్ధి నియంత్రణ నిబంధనలలో 58వది. జబ్బుపడిన లేక మూతపడిన నూలుమిల్లుల భూములకు సంబంధించింది. మున్సిపల్ కమిషనరు ముందస్తు అనుమతితో మిల్లు ఆవరణ మొత్తానికీ ఒక లేఅవుటు తయారుచేసుకుని యజమాని పునర్నిర్మాణం చెయ్యవచ్చునన్నది. అయితే ఊరికే కాదు. 5 హెక్టార్లలోపు భూమిలో నూటికి 33 వంతులు తోటలకూ, ఆటస్థలాలకూ కార్పొరేషనుకు. 27 వంతులు ప్రజలకు ఇళ్లు కట్టటానికి రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు. 40 వంతులు యజమానికి. 5 నుంచి 10 హెక్టార్లయితే 33, 34, 33. పది దాటితే 33, 37, 30. స్థూలంగా మూడో వంతు నగరానికి ఊపిరి, మూడో వంతు మామూలు మనిషికి ఇల్లు, మూడో వంతు యజమానికి లాభం. ఇది సోషలిజం ఏమీ కాదు. మూడో వంతుతోనే యజమాని కోటీశ్వరుడవుతాడు. అయినా ఆరువందల ఎకరాల్లో దరిదాపు నాలుగువందల ఎకరాలు ప్రజల చేతికి రావలసిన ఏర్పాటు ఇది.

కాని నిబంధనలో ఒక సందు వుంది. మిల్లు షెడ్డును కూల్చకుండా అందులోనే వ్యాపారం పెట్టుకుంటే పంపకం తలెత్తదు. యజమానులు ఆ సందులోంచి దూరారు. పంపకానికి ఒప్పుకుని లేఅవుటు తెచ్చినవాళ్లు బహు స్వల్పం. నేత షెడ్లలో దుకాణాలూ, ఆఫీసులూ, స్టూడియోలూ వెలిశాయి. ఫీనిక్స్ మిల్లులో 1990ల చివర బౌలింగ్ ఆటశాల వెలసిన సంగతి గిరణ్‌గావ్‌ను గురించి రాసినవాళ్లంతా ప్రస్తావించారు. కార్మికుల వినోదం అన్న పద్దు కింద దానికి అనుమతి దొరికిందని వాళ్లు నమోదు చేశారు. హాస్యరచయితలు కల్పించలేనిది ఇలా ఆఫీసు కాగితాల్లో దొరుకుతుంది.

1996లో రాష్ట్ర ప్రభుత్వం వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. కొరియా చెప్పింది మామూలు తెలివి వున్నవాడెవడైనా ఒప్పుకోదగ్గది: ఒక్కొక్క మిల్లును విడిగా చూడకండి, ప్రాంతాన్నంతా ఒకటిగా చూసి ముక్కలను ఒకచోటికి చేర్చండి, లేకపోతే తోటకని వదిలిన నేల అక్కడొక చెక్కా ఇక్కడొక చెక్కాగా మిగులుతుంది. పరేల్, ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ల దగ్గర జనం నడిచేందుకు విశాలమైన చోటు వదలాలని ఆ సంఘం ప్రణాళిక గీసింది. జాతీయ జౌళి సంస్థ, అంటే ఎన్.టి.సి., చేతిలో వున్న మిల్లులనే ఆ సంఘం చూడగలిగింది. ప్రైవేటు మిల్లుల గేట్లు దానికి తెరుచుకోలేదు. నివేదిక బీరువాలోకి పోయింది. రైలు దిగిన జనం ఎటు నడుస్తారన్న ప్రశ్నను జ్ఞాపకం వుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

2001 మార్చిలో ప్రభుత్వం 58వ నిబంధనను సవరించింది. మిల్లు భూముల్లో కదలిక లేదు, కార్మికుల బకాయిలు తీరటం లేదు, సడలిస్తే యజమానులు ముందుకు వస్తారన్నది కారణంగా చెప్పారు. సవరణలో శాతాలు మారలేదు. 33, 27, 40 – పట్టిక ఎట్లా వున్నది అట్లానే వుంది. తీసుకుపోయి ఎవరికైనా చూపిస్తే, ఏం మారిందయ్యా అంటారు. మారింది దేనిలో పంపకమన్నది. మొత్తం ఆవరణలో కాదు, ‘ఖాళీ స్థలం’లో మాత్రమే. ఖాళీ అంటే కట్టడం లేని నేల. షెడ్డును కూల్చిన తర్వాత తేలే నేల ఖాళీ కాదు. అది యజమాని కొత్తగా కట్టుకోవటానికి.

నేను లెక్కల మాస్టర్ని కాను, అయినా ఒక చిన్న లెక్క చేసి చూద్దాం. పది ఎకరాల మిల్లు వుందనుకోండి. ఏడు ఎకరాల్లో షెడ్లు, గోదాములు. మూడెకరాలు వట్టి నేల. పాత పద్ధతిలో పది ఎకరాలూ పంపకానికి వస్తే తోటకు 3.3 ఎకరాలు, ప్రజల ఇళ్లకు 2.7, యజమానికి 4. కొత్త పద్ధతిలో మూడెకరాలే పంపకానికి వస్తాయి. తోటకు ఒక ఎకరం కూడా నిండదు. ఇళ్లకు 0.81. యజమానికి 8.2 ఎకరాలు. ఒక్క విశేషణానికి అర్థం మారితే యజమాని వాటా రెండింతలు దాటింది. నూలుమిల్లు ఎట్లాంటి కట్టడమో తెలిసినవాళ్లకు దీని బలం ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ కాలపు మిల్లుల్లో రంపపు పళ్లలాంటి కప్పుతో పరుచుకున్న షెడ్లు విస్తారం. వట్టి నేల తక్కువ. అంటే, ఎక్కువమంది పనిచేసిన నేల ఎక్కువగా యజమానికి దక్కింది.

మాటలతో భూమి చేతులు మారటం మనకు కొత్తది కాదు. పన్ను వెయ్యని నేలను రెవెన్యూవాళ్లు పోరంబోకు అన్నారు. ఊరివాళ్లు పశువులు తోలుకునే బీళ్లూ, వాగు ఒడ్లూ అందులో చేరాయి. సర్కారుకు శిస్తు రానిది గనక అది ఎవరికీ పనికిరానిది అన్న భావం ఎంత బలపడిందంటే, చివరకు పనీపాటా లేని మనిషినే పోరంబోకు అని తిట్టటం మొదలుపెట్టాం. తెలంగాణాలో బంచరాయి భూముల కథ కూడా ఈ తీరుదే. శబ్దార్థ పరిణామాన్ని గురించి పాఠం చెప్పేటప్పుడు అర్థవ్యాకోచం, అర్థసంకోచం అని ఉదాహరణలు వల్లెవేయిస్తాం. అర్థం సంకోచిస్తే ఎకరాలు సంకోచిస్తాయన్న ఉదాహరణ కూడా పిల్లలకు చెప్పవచ్చు.

ఇంత మార్పు జరుగుతుంటే ప్రజల నడగలేదా అని సందేహం రావచ్చు. అడిగారు. మహారాష్ట్ర ప్రాంతీయ, నగర ప్రణాళికా చట్టం 1966లోది. అభివృద్ధి ప్రణాళికలో మార్పు చెయ్యదలిస్తే గెజెట్టులో నోటీసు వేసి అభ్యంతరాలు, సూచనలు కోరాలని దాని 37వ సెక్షను చెబుతుంది. గడువు మామూలుగా ఒక నెల. కాగితం మీద చూస్తే ఇంతకన్న ప్రజాస్వామ్యం ఏం కావాలి? కాని గెజెట్టు ఎవరు చదువుతారు? 1982లో పనిపోయి కరీంనగరు జిల్లాలో అద్దె మగ్గం మీద కూచున్నవాడు చదువుతాడా? రత్నగిరిలో వరిమడి చేసుకుంటున్నవాడు చదువుతాడా? వాళ్లు నగరంలో లేరు గనక ‘ప్రభావితులు’ కారు. నగరంలో ఎందుకు లేరు? మిల్లు మూసేశారు గనక. వాళ్లను వెళ్లగొట్టిన ఘటనే వాళ్ల అభ్యంతర హక్కును కూడా హరించింది. ఇక ఒక్కొక్క మిల్లు లేఅవుటు విడివిడిగా కమిషనరు ముందుకు వచ్చేటప్పుడు చాళ్ల జనాన్ని పిలిచి సభ పెట్టే ఏర్పాటు నిబంధనలో లేదు. అది ఆఫీసు వ్యవహారం.

అమలును కనిపెట్టి చూడటానికి ఒక పర్యవేక్షక సంఘాన్ని మాత్రం పెట్టారు. హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షుడు. మిల్లు యజమానుల పక్షాన ఒకరు, కమిషనరు పక్షాన ఒకరు, ప్రభుత్వం పక్షాన ఒకరు, కార్మికుల పక్షాన ‘గుర్తింపు పొందిన’ యూనియను మనిషి ఒకరు. ఇందాక నేను 1946 చట్టాన్ని జ్ఞాపకం వుంచుకోమన్నది ఇందుకే. దేన్ని రద్దు చెయ్యమని రెండున్నర లక్షలమంది సమ్మె చేశారో, ఆ చట్టం ప్రకారం గుర్తింపు పొందిన సంఘమే, వాళ్ల మిల్లుల భూముల పంపకంలో వాళ్ల తరఫున కూచుంది. మోడరన్ మిల్లు కార్మికుడు దత్తా ఇస్వల్‌కర్ ప్రభృతులు 1989లో పెట్టుకున్న గిరణీ కామ్‌గార్ సంఘర్ష్ సమితి వీధుల్లోనూ, నిరాహారదీక్షల్లోనూ కార్మికుల పక్షాన నిలబడింది. గిరణ్‌గావ్‌లో ఇళ్లు అడిగింది వాళ్లు. ఇస్వల్‌కర్ 2021లో చనిపోయాడు.

కోర్టు కథ చాలామందికి తెలుసు. బాంబే ఎన్విరాన్‌మెంటల్ యాక్షన్ గ్రూప్ అనే సంస్థ 2005లో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. అదే సంవత్సరం ఎన్.టి.సి. అయిదు మిల్లులను సుమారు 2,000 కోట్ల రూపాయలకు అమ్మింది. ముంబయి టెక్స్‌టైల్ మిల్లు ఒక్కటే, 17 ఎకరాల చిల్లర, 702 కోట్లు పలికింది. 2005 అక్టోబరు 17న బొంబాయి హైకోర్టు పిటిషనుదార్ల పక్షాన తీర్పు చెప్పింది: నగరానికి ఊపిరాడే చోటు పోగొట్టే అర్థం చెప్పరాదు, కూల్చగా తేలిన నేల కూడా ఖాళీ స్థలమే. 2006 మార్చి 7న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. సవరణ చెల్లుతుంది, ఖాళీ స్థలమంటే కూల్చిన తర్వాతి నేల కాదు అన్నది.

సుప్రీంకోర్టు వాదనను ఒక్క ముక్కలో తీసిపారెయ్యటం న్యాయం కాదు. పర్యావరణం ఒక్కటే చూడరాదు, కార్మికుల బకాయిలు, బ్యాంకుల అప్పులు, మిల్లుల పునరుద్ధరణ – వీటన్నిటి మధ్యా సమతూకం చూడాలి అన్నది ఆ వాదన. బకాయి కోసం ఇరవై ఏళ్లు ఎదురుచూసిన మనిషికి తోట కన్న చేతిలో పడే చెక్కు ముఖ్యమనటంలో నిజం లేకపోలేదు. పర్యావరణవాదులు చెట్లనూ గాలినీ గురించి మాట్లాడినంత గట్టిగా కార్మికుడి గదిని గురించి మాట్లాడలేదన్న ఫిర్యాదు కూడా ఆ రోజుల్లో వినిపించింది. అందులోనూ కొంత నిజం వుంది. కాని ఈ వాదన మొత్తం ఒక ఊహ మీద నిలబడింది: నేలలో ఎక్కువ భాగం యజమానికి ఇస్తేనే కార్మికుడి బకాయి తీరుతుందని. బకాయి అప్పు. మిల్లు నడిపినవాడు కార్మికుడికి పడ్డ అప్పు. దాన్ని తీర్చటానికి నగరం తన వాటా ఎందుకు వదులుకోవాలి? మూడో వంతు భూమి అమ్మినా కోట్లు పలికే చోట అది తీరదని ఎవరు లెక్కవేసి చూపించారు? తోటకూ గదికీ మధ్య పోటీ పెట్టింది నిబంధనే. 1991 పట్టికలో రెండూ పక్కపక్కనే వున్నాయి.

తర్వాత ఏం కట్టారో బొంబాయి వెళ్లినవాళ్లు చూసే వుంటారు. ఆకాశానికి నిచ్చెన వేసిన అపార్ట్‌మెంట్లు, అద్దాల ఆఫీసులు, పెద్ద పెద్ద అంగళ్లు. నివాసం, వ్యాపారం కలిసిన అభివృద్ధి అని దీనికి గౌరవనామం. నివాసమూ వ్యాపారమూ కలిసి వుండటం గిరణ్‌గావ్‌కు కొత్త కాదు. కింద దుకాణం, పైన గది, మధ్యలో ఖాణావళి అక్కడ శతాబ్దం పైబడి వున్నదే. ఇప్పుడు కలిసినవి రెండు రకాల డబ్బు. ఈ ఆఫీసులకు పొద్దున్నే వచ్చే లక్షలాది ఉద్యోగులు దిగేది మిల్లు కూలీల కాలంనాటి స్టేషన్లలోనే. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్, పరేల్ స్టేషన్ల మధ్య ఇరుకు వంతెన మీద వానలో తొక్కిసలాట జరిగి 23మంది చనిపోయారు. ఇరవై ఒక్క ఏళ్లక్రితం కొరియా సంఘం జనం నడవటానికి చోటు వదలమన్నది అక్కడే. అదే సంవత్సరం డిసెంబరు 29న కమలా మిల్స్ ఆవరణలో డాబా మీది హోటళ్లలో మంటలు లేచి 14మంది చనిపోయారు. రెండు సందర్భాల్లోనూ విచారణలు జరిగాయి. వంతెన, కప్పు, నిప్పు అని విడివిడిగా జరిగాయి. స్టేషను పేరు మాత్రం 2018లో ప్రభాదేవి అని మారింది.

కార్మికుల ఇళ్ల మాటేమయింది? మ్హాడా వాటాకు వచ్చిన నేలలోనే వాళ్ల ఇళ్లు కట్టాలి. ఆ వాటా ఎంత తగ్గితే ఇళ్లు అంత తగ్గాయి. 2012 జూన్‌లో 6,925 ఇళ్లకు లాటరీ తీశారు. దరఖాస్తు పెట్టినవాళ్లు లక్షకు చాలా పైన. 2020 మార్చిలో మరో 3,894 ఇళ్లకు తీశారు. ఒకనాడు హక్కుగా అడిగింది ఇవాళ అదృష్టం కింద పంచుతున్నారు. 1982 జనవరి 1న మిల్లు మస్టరులో పేరు వుండి వుండాలన్నది అర్హత. ఆనాడు పాతికేళ్లవాడికి 2020లో అరవై మూడు. చాలా దరఖాస్తులు భార్యల పేరున, కొడుకుల పేరున వచ్చినవి.

మరాఠీ సాహిత్యం దీన్ని పట్టుకుంది. జయంత్ పవార్ నాటకం ‘అధాంతర్’ 1997లోదే. మీనా మీనన్, నీరా అడార్కర్ 2004లో కార్మికుల నోటిమాటలను పుస్తకంగా తెచ్చారు. డారిల్ డిమాంటె 2002లోనే భూముల కథ రాశాడు. తెలుగులో అంబల్ల జనార్దన్ వంటి బొంబాయి తెలుగు రచయితలు అక్కడి మనవాళ్ల బతుకులు కథల్లోకి తెచ్చారు. కాని సిరిసిల్లలో, కరీంనగరులో, నల్లగొండలో సమ్మె తర్వాత తిరిగివచ్చినవాళ్ల కథనాలను క్రమంగా సేకరించవలసిన పని చాలా మిగిలివుంది. బొంబాయికి పోయినవాడి పాట మనకు వుంది. తిరిగివచ్చినవాడి మాట తక్కువ.

ఈ వ్యాసం చదివే వరంగల్లు విద్యార్థులకు ఒక ప్రత్యేకమైన మనవి. 1934లో పుట్టిన ఆజంజాహీ మిల్లు 1974లో ఇదే ఎన్.టి.సి. కిందికి వచ్చి 1990లో మూతబడింది. ఆ భూమి తర్వాత ఇళ్ల స్థలాలుగా చీలింది. అక్కడ ఏ నోటీసు ఎప్పుడు పడింది, లేఅవుటు ఎవరు పరిశీలించారు, అభ్యంతరాలు ఎవరు చెప్పారు, ఆ కాగితాల్లో మిల్లు నేలను ఏ మాటతో పిలిచారు – ఇవి ఆఫీసుల్లో అడిగి తీసుకోవలసిన విషయాలు. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ వుంది. దరఖాస్తు రుసుము పది రూపాయలు. మిల్లులో పనిచేసినవాళ్లలో ముసలివాళ్లు ఇంకా వున్నారు. వాళ్ల ఇళ్లకు వెళ్లేటప్పుడు పాత టికెట్టు నంబర్లూ, ఇ.ఎస్.ఐ. కార్డులూ, ప్రావిడెంటు ఫండు చీటీలూ కూడా చూపించమని అడిగి, నకళ్లు రాసుకోండి.